మలుపు దగ్గర దిగొద్దన్న మా డ్రిల్ టీచర్

మా డ్రిల్ టీచర్ పోయారు. పుంగనూరులో మా మందుల షాపు షట్టరు ఎత్తుతుండగా కుప్పం నుంచి ఆవిడ చెల్లెలు ఫోన్ చేసింది. "గిరిజా, అక్క ప్రభువు దగ్గరికి పొయిందమ్మా. ప్రార్థనకు లేపుదామని పోతే లెయ్యలా. నిద్దర్లోనే పొయినట్లుండాది" అంది. ఆ గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. సగం ఎత్తిన షట్టరును అలాగే పట్టుకుని నిలబడిపోయాను. బీపీ మాత్రల కోసం వచ్చిన పెద్దాయన ఒకరు "ఏమ్మా, బిగుసుకుపొయిందా?" అని తానూ ఓ చెయ్యి వేసి షట్టరును పైకి తోశారు.

ఆవిడ పేరున్న మనిషి కాదు. మదనపల్లెలో ఒక మిషన్ స్కూల్లో ఉద్యోగకాలమంతా ఆడపిల్లలకు కవాతు, ఖోఖో, త్రోబాల్ నేర్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. నాకు మాత్రం, నలభై దాటిన తర్వాత, సైకిలు తొక్కడం నేర్పారు. అది నాకు చిన్నప్పుడే వచ్చనుకునేదాన్ని. ఎంత రాదో ఆవిడ దగ్గరికి వెళ్ళాకే తెలిసింది. మీలో ఆవిడ తెలిసినవాళ్ళు కొద్దిమందే ఉంటారు. తెలియనివాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

స్కూల్లో నేను ఆవిడ విద్యార్థినినే గాని ఆవిడ నేర్పిన ఆట ఒక్కటీ ఆడలేదు. నాకు ఉబ్బసం ఉండేది. డ్రిల్ పీరియడ్లో నా పని అందరి గాజులూ వాచీలూ ఒళ్ళో పెట్టుకుని వరండా మెట్ల మీద కూర్చోవడం. టీచర్ చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకుని, తెల్ల కాన్వాసు బూట్లతో, మెళ్ళో విజిలుతో గ్రౌండంతా తిరుగుతూ ఉండేవారు. చాక్‌పీసు రుద్ది రుద్ది ఆ బూట్లను ఎప్పుడూ తెల్లగా ఉంచుకునేవారు. నన్నెప్పుడూ ఆటలోకి పిలవలేదు. నేనూ పోలేదు. ఒక్కోసారి దూరం నుంచి నావైపు చూసేవారు, అంతే.

పెళ్ళయి పుంగనూరు వచ్చాను. షాపులో మా ఆయన పక్కన నిలబడి మందులిస్తూ ఏళ్ళు గడిచాయి. ఉబ్బసం తగ్గింది, షుగరు దగ్గరికొచ్చింది. డాక్టరు నడవమన్నారు. నడక పరుగయింది. ఈత మా పుట్టింట్లోనే నేర్చుకున్నాను, పెద్దపంజాణి దగ్గర మా నాయన మడి పక్కనున్న బావిలో. ఇంక సైకిలు ఒకటుంటే మూడూ కలిపి పోటీ ఉంటుందని, దాన్ని ట్రయథ్లాన్ అంటారని ఫోన్లో చూశాను. ముందు ఈత, తర్వాత సైకిలు, చివర పరుగు, మధ్యలో ఆగడం లేదు. బెంగుళూరులో ఒకాయన వాడి వదిలేసిన రేసు సైకిలు మా ఆయన తెచ్చిపెట్టారు.

కర్ణాటకలో ఒక చెరువు దగ్గర జరిగిన మొదటి పోటీకి వెళ్ళాను. ఈతలో ముందు వరుసలోనే బయటికొచ్చాను. సైకిలెక్కాక మొదలైంది నా అవస్థ. నేరుగా ఉన్న రోడ్డు మీద బాగానే పోయేదాన్ని. మలుపొచ్చేసరికి చేతులు బిగుసుకుపోయేవి. రోడ్డు చివర ఒక ప్లాస్టిక్ కోను పెట్టి, దాన్ని చుట్టి వెనక్కి రావాలన్నారు. నేను అక్కడ సైకిలు దిగి, చీపురు పట్టుకున్నట్టు హ్యాండిల్ పట్టుకుని కోను చుట్టూ నడిచి, మళ్ళీ ఎక్కాను. నీళ్ళు తాగాలన్నా దిగేదాన్ని. ఒక చెయ్యి వదిలితే పడిపోతానని భయం. జెండా పట్టుకున్న కుర్రవాడు నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాడు.

కొన్నాళ్ళకు టీచర్ మా షాపుకొచ్చారు. పుంగనూరులో పాత విద్యార్థిని ఇంట్లో ఏదో పెళ్ళికొచ్చి, మోకాలి నొప్పికి పూతమందు కావాలని. జుట్టు తెల్లబడింది గాని బూట్లు అవే తెలుపు. గోడకు ఆనించిన సైకిలు చూసి మందు సంగతి మరిచిపోయారు.

"ఎవురిదమ్మా ఈ సైకిలు?"

"నాదే టీచర్."

కళ్ళద్దాలు సర్దుకుని చూశారు. "నువ్వు గాజులు పెట్టుకుని కూసునే పాపవి కదా?"

నాకు నవ్వూ వచ్చింది, ఎందుకో కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. పోటీ సంగతంతా చెప్పేశాను. కోను దగ్గర దిగి నడిచానని చెప్పగానే ఆవిడ కౌంటరు పట్టుకుని నవ్వారు.

"అందురూ సూస్తాండగానే దిగినావా?"

"సూస్తాండగానే, టీచర్."

"మలుపుకాడ దిగేదానికి సైకిలు యాలమ్మా? నడిసే పోవచ్చు కదా." నవ్వు తగ్గాక గొంతు మారింది. "శనివారం పొద్దున మదనపల్లెకు రా. స్కూలు గ్రౌండు కాడుంటా. సైకిలెత్తుకోని రా."

అలా మొదలైంది. శనివారం షాపు మా ఆయన చూసుకునేవారు. నేను తెల్లవారగానే సైకిలును బస్సు మీద వేయించుకుని బయలుదేరి మదనపల్లె చేరేసరికి టీచర్ గ్రౌండులో ముగ్గుపిండితో గీతలు గీస్తూ ఉండేవారు. మొదటిరోజు నన్ను సైకిలెక్కనివ్వలేదు.

"హ్యాండిల్ ముట్టగూడదు. సీటొకటే పట్టుకోని గ్రౌండంతా నడిపించు."

నేను తోస్తే సైకిలు తాగినవాడిలా అటూ ఇటూ పోయింది. విసుగొచ్చి సీటును కాస్త ఎడమకు వంచాను. ముందు చక్రం దానంతటదే ఎడమకు తిరిగింది. కుడికి వంచితే కుడికి పోయింది.

"సూసినావా? ఒంగితే తిరుగుతాది. నువ్వేమో ఒంగకుండా హ్యాండిల్ తిప్పుతాండావు. అందుకే నీ మీద దానికి నమ్మకం లేదు."

చేతులు బిగించే అలవాటు పోవడానికి చాలా రోజులు పట్టింది. మదనపల్లె మార్కెట్టుకు గ్రౌండు పక్క రోడ్డునే టమాటా లారీలు పోతుంటాయి. వాటిని చూపించి చెప్పేవారు: "పండిన టమాటాను పట్టుకున్నట్ల పట్టుకో. నలగగూడదు, జారగూడదు." ఇప్పటికీ దిగుడు రోడ్డు రాగానే నా వేళ్ళు ఆ మాట వింటాయి.

తర్వాత ఒక చెయ్యి వదలడం. సీసా తీసి తాగి మళ్ళీ పెట్టడం, కళ్ళు కిందికి దించకుండా. ఆ తర్వాత వెనక్కి చూడడం. వెనక ఏ బండి వస్తుందో చూడబోతే సైకిలు కూడా అటే పోవడం నా జబ్బు. టీచర్ నా వెనక గొడుగు పట్టుకుని నిలబడేవారు. నేను ముగ్గుగీత దాటకుండా తొక్కుతూ, తల తిప్పి గొడుగు ఎలా ఉందో చూసి చెప్పాలి.

"తెరిసినానా, మూసినానా?"

"తెరిసినారు టీచర్!"

"మరి గీత యాడుండాది?"

గీత ఎప్పుడో దాటేసి ఉండేదాన్ని. "మళ్ళ రా" అనేవారు. కోపం ఉండేది కాదు. మెచ్చుకోవడమూ ఉండేది కాదు. బాగా చేస్తే "ఊ" అనేవారు. అదే పెద్ద సర్టిఫికెట్. ఒక శనివారమంతా తొక్కితే ఒక్క "ఊ" వచ్చేది, అదీ రాని రోజులుండేవి. పాఠమయ్యాక సంచిలోంచి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తీసి, కాయ ఒలిచి గింజలు నా చేతిలో వేసేవారు. తను మాత్రం తినేవారు కాదు, పళ్ళ నొప్పి.

ఒకరోజు గ్రౌండులో వరిగడ్డి పరిచి ఉంది. "ఈ పొద్దు పడేది నేర్సుకుందువు రా" అన్నారు. నాకు అర్థం కాలేదు. "పడేది కూడా నేర్సుకుంటారా టీచర్?"

"పడేది తెలీకనే నీకు భయం. చెయ్యి సాపి నేలను ఆపుదామనుకుంటావు, మణికట్టు పోతాది. గడ్డం గుండెకు ఆనించు. భుజమ్మీద దొర్లు. తలను మాత్రం కాపాడుకో."

ఆ గడ్డిలో పొద్దంతా పడ్డాను. హెల్మెట్లో, చెవుల్లో, జడలో గడ్డి. బస్టాండులో నన్ను చూసినవాళ్ళు ఏమనుకున్నారో మరి.

మలుపులు చివర నేర్పారు. బ్రేకు మలుపుకు ముందే వెయ్యాలి, మలుపులో కాదు. బయటివైపు పెడలు కిందికి, బరువంతా ఆ కాలి మీద. చూపు మాత్రం చక్రం ముందు కాదు, మలుపు దాటి నువ్వు పోవాల్సిన చోట. "నువ్వు గుంత సూస్తే గుంతలోకే పోతావు. రోడ్డు సూడు" అనేవారు. గ్రౌండులో అది వచ్చింది. తర్వాత కురబలకోట రోడ్డు మీద కూడా వచ్చింది. ఇక హార్స్లీ హిల్స్ దిగుదామన్నారు.

ఆ రోజు టీచర్ బస్సులో ముందే వచ్చి, కొండరోడ్డు మలుపు ఒకదాని దగ్గర పిట్టగోడ మీద కూర్చున్నారు. నేను పైదాకా ఎక్కి దిగుతున్నాను. మొదటి మలుపులు చక్కగా వచ్చాయి. టీచర్ కూర్చున్న మలుపులో ఒక టూరిస్టు కారు రోడ్డు మధ్యకు వచ్చేసింది. నేను కారును చూశాను. చూసినవైపే పోయాను. బ్రేకు బిగించాను, వెనక చక్రం కంకర మీద జారింది. కారుకు తగల్లేదు గాని రోడ్డు మీద పడి దొర్లాను. పైకి చూస్తే ఆకాశం కనబడింది, ఆ తర్వాత టీచర్ మొహం. ఆ కారులోనే ఆస్పత్రికి తెచ్చారు. భుజం ముందరి ఎముక విరిగిందన్నారు.

మా అత్త ఆస్పత్రికొచ్చి మంచం పక్కన నిలబడింది. మా అత్త మంచి మనిషే, కోపమెక్కువ. టీచర్ వినేలాగే అంది: "ఇంక ఆ సైకిలు మా ఇంట్లో వద్దు. పిల్లోళ్ళ తల్లివి. కొండెక్కి దూకే వయసా ఇది?" టీచర్ గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

చెయ్యి కట్టుతో ఇంట్లో కూర్చున్న ఆ రోజుల్లో ఆవిడ నుంచి ఫోన్ రాలేదు. నేనూ చెయ్యలేదు, ఏం మాట్లాడాలో తెలియక. సైకిలు మేడమీద రేకుల కింద పడి ఉంది. అది అక్కడుందన్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తేవారు కాదు.

కట్టు విప్పిన కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం టీచర్ మా ఇంటికొచ్చారు. మదనపల్లె నుంచి బస్సులో, మోకాలి నొప్పితో. నేరుగా మా అత్త దగ్గర కూర్చున్నారు. మా అత్త మర్యాద తప్పలేదు, రాగి సంగటి పెట్టింది. తినడం అయ్యేదాకా ఇద్దరూ ఆ యేటి వానల గురించే మాట్లాడారు. చెయ్యి కడుక్కుని వచ్చాక టీచర్ అన్నారు:

"అమ్మా, నేను చిన్నప్పుడు సైకిలు పందేలకు పోతాంటి. స్టేటు దాకా పొయినా. ఒక పందెంలో నా స్నేహితురాలు నా ఎనకే వస్తాండె. నా ఎనక చక్రం, దాని ముందర చక్రం తగిలినాయి. నేను పడలా. అది పడె. తుంటి ఎముక ఇరిగె. బతికినన్నాళ్ళూ కుంటుతానే నడిసె."

నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ఈ కథ నాకూ కొత్తదే.

"మాకెవురూ నేర్పీలేదమ్మా. తొక్కమన్నారు, తొక్కినాము. దగ్గిర దగ్గిర ఎట్ల పోవల్ల, ఎట్ల పడల్ల, ఎవురు సెప్పినారు? అందుకే నేను డ్రిల్ టీచరయితి. ఆడపిల్లోళ్ళకు నేర్పుదామని. బడికి సైకిళ్ళ మీద వచ్చే పిల్లోళ్ళు ఉండారు. నేర్పుతానంటే పెద్దోళ్ళు 'పడితే ఎవురు జవాబు' అనిరి. నేర్సుకుంటానని వచ్చిన పిల్ల లేదు. కవాతు నేర్పి, ఖోఖో నేర్పి రిటైరయిపోతి. ఇంక అయిపోయిందిలే అనుకుంటి. అప్పుడు ఈ పాప కనపడె."

మా ఆయన షాపు నుంచి భోజనానికి వచ్చి ఇదంతా వింటున్నారు. నెమ్మదిగా అడిగారు. "మళ్ళ పడితే, టీచర్?"

"పడొచ్చప్పా. పడదని నేను సెప్పలేను." మా అత్తవైపు తిరిగారు. "ఆ పొద్దు నా కండ్ల ముందరే పడె. ఎట్ల పడిందో సూస్తి. తల నేలకు తగలనీలా. భుజమ్మీద దొర్లె. ఎముక అతుక్కుంటాదమ్మా."

మా అత్త చాలాసేపు కొంగు మడతలు సర్దుకుంటూ కూర్చుంది. చివరికి అంది: "కొండ మాత్రం వద్దు. కిందనయితే ఏమన్నా సేసుకోండి."

"సరే. కొండకు నేను రమ్మనను. మాటిస్తాండా" అన్నారు టీచర్.

ఆ మాట ఆవిడ తప్పలేదు. తర్వాత ఎన్నోసార్లు కొండ కిందనుంచే పోయాం. ఒక్కసారి కూడా పైకి తలెత్తి చూడలేదు. నేను ఆశగా చూస్తుంటే "రోడ్డు సూడు" అనేవారు.

మరుసటి పోటీ నాడు మళ్ళీ కోను వచ్చింది. ముందే బ్రేకు వేశాను, గేరు తగ్గించాను, బయటి కాలి మీద బరువేసి, కోనును కాకుండా దాని అవతలి రోడ్డును చూశాను. సైకిలు తిరిగింది. అంతే, ఏ చప్పుడూ లేకుండా తిరిగింది. పోటీలో నేను వెనకాల వచ్చినవాళ్ళలోనే ఉన్నాను. తడి బట్టలతోనే టీచర్‌కు ఫోన్ చేశాను. ఎన్నో స్థానం అని అడగలేదు.

"మలుపుకాడ దిగినావా?"

"లేదు టీచర్."

"ఊ" అన్నారు.

తర్వాత ఆవిడ గుండె బలహీనపడింది. ఒంటరిగా ఉండొద్దని చెల్లెలు కుప్పం తీసుకుపోయింది. ఆవిడ పుట్టిన ఊరు అదే. ఆ వీధిలో తెలుగూ తమిళమూ కన్నడమూ ఒకే వాక్యంలో వినబడతాయి. టీచర్ కూడా అక్కడికి పోగానే, తమిళంలో పిల్లల్ని ముద్దుగా పిలిచినట్టు, "కన్ను" అని పిలవడం మొదలుపెట్టారు నన్ను. ఒకసారి పలమనేరు మీదుగా సైకిలు మీదే కుప్పం పోయాను. వరండాలో కూర్చుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. నన్ను చూసి మొదట సైకిలు చైను వేలితో తడిమారు. "నూనె ఎక్కువేసినావు" అన్నారు. ఆ తర్వాతే "వస్తివా కన్నూ" అన్నారు.

సాయంత్రం ఆవిడ చేతికర్ర పట్టుకుని చర్చిదాకా నడుస్తానన్నారు. నేను పక్కనే సైకిలు మీద. ఆవిడ అడుగు వేసి ఆగితే నేనూ ఆగినట్టే ఉండాలి, కాలు కింద పెట్టకుండా. వీధంతా అలాగే పోయాం. పిల్లలు మా వెనక చేరి నవ్వారు. టీచర్ ఒక్కసారి కూడా నావైపు చూడలేదు. చర్చి గేటు దగ్గర మాత్రం ఆగి, "నేర్పేదానికి నాకు ఇంకా ఎవురన్నా దొరికుంటే బాగుండు. అయినా నువ్వొస్తివి. సాలు" అన్నారు. ఆవిడ మెట్లెక్కి లోపలికి పోయారు.

భూస్థాపనకు మా అత్త కూడా నాతో వచ్చింది. నేను రమ్మనలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కుప్పం దాకా బయటికే చూసింది. తెల్లబట్టలు కట్టుకున్న మనుషుల మధ్య, వాళ్ళు పాడే కీర్తనలు తెలియక, చేతులు కట్టుకుని నిలబడింది. మట్టి వేసేటప్పుడు నాకంటే ముందే ఒంగి గుప్పెడు తీసుకుంది.

ఆ తర్వాత కొద్దిరోజులకు, వంటింట్లో ఆకుకూర ఒలుస్తూ మా అత్త అంది: "ఆయమ్మ ఉన్నన్నాళ్ళూ నాకిచ్చిన మాట నిలబెట్టుకునె."

"అవునత్తా."

"మాటిచ్చినామె పాయె. ఇంక మాట యాడుండాది." ఆకు ఒలవడం ఆపలేదు. "నీకు ఆ కొండకు పోవల్లనుంటే పొయ్యిరా. నెమ్మదిగా దిగు."

పొద్దున్నే బయలుదేరాను. ఎక్కుతుంటే మంచు విడిపోతోంది. దిగేటప్పుడు ఏడుస్తానేమో అనుకున్నాను గాని ఏడవడానికి తీరిక లేదు. ప్రతి మలుపుకు ముందు బ్రేకు, ప్రతి మలుపులో బయటి కాలు, చూపు అవతలికి. నేను పడిన చోటు ఎప్పుడు దాటానో కూడా తెలియలేదు. కొండ దిగిపోయాక తెలిసింది, దాటేశానని.

కురబలకోట వైపు రోడ్డు ఒంపు తిరిగేచోట గొర్రెల మంద అడ్డం వచ్చింది. రోడ్డు నిండా గొర్రెలే. రెండు బ్రేకులూ వేసి, వెనక్కి ఒరిగి, నెమ్మదిగా ఆగి కాలు దించాను. ముందున్న గొర్రె నా చక్రాన్ని వాసన చూసింది. మందను కాస్తున్న ముసలామె కర్ర భుజాన వేసుకుని వెనకాల వస్తోంది.

"బెదరొద్దు తల్లీ, అవేం సెయ్యవు. అట్లనే ఉండు, పోతాయి" అంది.

అలాగే ఉన్నాను. మంద రెండుగా చీలి నాకు ఇటూ అటూ పారింది. వెచ్చటి బొచ్చు పిక్కలకు రాసుకుంటూ పోతోంది. మెడల్లో గంటలు ఒకదాని వెనక ఒకటి మోగుతున్నాయి. ఎండ అప్పుడే మంద వీపుల మీదికి వచ్చింది. చివరి గొర్రె దాటిపోయి, దుమ్ము రోడ్డు మీదికి దిగేదాకా నేను కదల్లేదు.